షెర్రీ పీపా, మాల్ట్ విస్కీ: సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గాజులరామారం, సూరారం, షామీర్‌పేట, మేడ్చల్ వైపు నుంచే. విదేశాల నుంచి వచ్చే చుట్టాల సంచుల్లో ఇప్పుడు చాక్లెట్ల పక్కన సింగిల్ మాల్ట్ సీసా కూడా ఉంటోంది. దాన్ని ఏం చేయాలో తెలియక అడుగుతున్న వాళ్లే అందరూ. ఇరవై ఒక్క ఏళ్లు నిండని వాళ్లు ఈ పేజీ తిప్పేయండి. మన రాష్ట్రంలో చట్టం చెప్పే వయసు అదే.

మా బామ్మర్ది లండన్ నుంచి వస్తూ టామ్డూ అనే సింగిల్ మాల్ట్ తెచ్చిండు. 15 ఏళ్లది, షెర్రీ పీపాలో ఊరిందట. మేం ఇన్నాళ్లూ సోడా పోసుకుని తాగేటోళ్లం. దోస్తులేమో ‘పేరు లేని కంపెనీ’ అని పెదవి విరుస్తున్నరు. ఇది మంచిదేనా? ఎట్ల రుచి చూడాలె?
- ఒక ప్రైవేటు ఉద్యోగి, గాజులరామారం

మీ దోస్తులకు చెప్పండి, పేరు లేని కంపెనీ కాదు, పేరు ముందు వేసుకోని కంపెనీ. స్కాట్లండ్‌లో ఇప్పుడు 140కి పైగా డిస్టిలరీలు నడుస్తున్నాయి. మన వైన్ షాపుల్లో కనబడేవి వాటిలో కొన్ని మాత్రమే. మిగతావాటిలో చాలావరకు దశాబ్దాల పాటు తమ సరుకును పెద్ద పెద్ద బ్లెండ్ల (కలగలుపు విస్కీల) కోసం పోసి ఇచ్చినవే. టామ్డూ కథా అదే. స్పే నది ఒడ్డున నాకాండో అనే ఊళ్లో 1897లో మొదలైంది. ఆ కాలంలో డిస్టిలరీలు కట్టడంలో పేరుపడ్డ చార్లెస్ డోయిగ్ గీసిన నమూనా అది. చాలా ఏళ్లు అక్కడి మాల్ట్ ఫేమస్ గ్రౌస్ లాంటి బ్లెండ్లలోకి వెళ్లిపోయేది. 2010లో మూసేశారు. మరుసటేడు ఇయాన్ మెక్లాయిడ్ అనే సంస్థ కొని మళ్లీ పొయ్యి వెలిగించింది. 2013 నుంచి తన పేరుతో, షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్ష మద్యం ఊరిన పీపాల్లో మాత్రమే ఊరబెట్టిన మాల్టును అమ్ముతోంది. ఎక్కువ కాలం అమెరికా విస్కీ అయిన బోర్బన్ పీపాల్లో ఉంచి, చివరి ఆరు నెలలు షెర్రీ పీపాలోకి మార్చి, లేబుల్ మీద ‘షెర్రీ’ అని పెద్దక్షరాల్లో రాసుకునే సరుకు చాలా ఉంది. అది వేరు, మొదటి నుంచి చివరిదాకా ఆ పీపాల్లోనే గడపడం వేరు.

ఇక రుచి చూడటం. ముందు సోడా, థమ్సప్ పక్కన పెట్టండి. సోడా తప్పని కాదు. ఈ సీసాలో ఉన్నది పదిహేనేళ్లు చెక్కలోంచి లాక్కున్న వాసన, అది సోడా బుడగల్లో పడితే ముక్కుకు దొరకదు.

గ్లాసు అడుగున వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా ఉండాలి. అంతకు మించిన నియమం లేదు. స్టీలు గ్లాసు వద్దు. 30 ఎంఎల్ పోసి పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. గాజులరామారంలో మే నెలలో గది వేడి 35, 36 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాలు ఎగిరి ముక్కును మంటపెడుతుంది తప్ప వాసన తెలియనివ్వదు. స్కాట్లండ్ వాళ్లు ‘గది వేడి’ అన్నప్పుడు వాళ్ల గది 18 డిగ్రీలదని గుర్తుపెట్టుకోండి. అందుకని ఎండాకాలంలో సీసాను ఒక పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, ఐసు వద్దు. ఇంకో సంగతి, జీడిమెట్ల పారిశ్రామికవాడ వైపు నుంచి కెమికల్ వాసన వీచే రాత్రి కిటికీలు మూసుకోండి, లేదా రుచి చూడటం మరో రోజుకు వాయిదా వేయండి. అగరుబత్తి, పోపు, సెంటు, ఏది ముక్కులో ఉన్నా సగం రుచి పోయినట్టే.

ముక్కును గ్లాసులో ముంచకండి. అంగుళం పైన పెట్టి, నోరు కొంచెం తెరిచి, నెమ్మదిగా పీల్చండి. మొదటి గుక్క నాలుకను సిద్ధం చేయడానికే, అది మండుతుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. రెండో గుక్కను నోట్లో పది క్షణాలు తిప్పి మింగండి. ఆ తర్వాత నాలుగైదు చుక్కల నీళ్లు వేసి మళ్లీ చూడండి, మరో వాసన పైకి వస్తుంది. బోరు నీళ్లు మాత్రం వద్దు, వాటి ఉప్పుదనం అన్నిటినీ కప్పేస్తుంది. ఆర్వో నీళ్లు చాలు.

ఇంగ్లీషు లేబుల్ వెనక ‘క్రిస్మస్ కేక్, షెర్రీ ట్రైఫిల్’ అని రాసి ఉంటుంది. మనకు ఆ తిండి అలవాటు లేదు కాబట్టి వాసన తెలియదని చాలామంది బెంగపడతారు. తెలియకపోవడమేం? ఎండు ఖర్జూరం మీకు తెలుసు. కిస్‌మిస్, అంజీర్, పెళ్లిళ్లలో తినే ఖుబానీ కా మీఠా తెలుసు. బెల్లం పాకం తీగ దశ దాటినప్పుడు వచ్చే చిరుచేదు వాసన తెలుసు. లవంగం, దాల్చిన చెక్క, శొంఠి మన డబ్బాల్లోనే ఉంటాయి. ఆదిలాబాద్ నుంచి వచ్చిన వాళ్లయితే ఎండిన ఇప్పపువ్వును తలుచుకోండి, షెర్రీ పీపా మాల్టుకు అంత దగ్గరి వాసన నాకు మరొకటి తగల్లేదు. ఇక మింగిన తర్వాత నాలుకను పట్టి ఉంచే ఆ గుణానికి ఇంగ్లీషు వాళ్లు నాలుగు మాటలు వాడతారు. మనకు ఒక్క మాట చాలు: వగరు. నేరేడు పండు తిన్న నాలుక ఎట్లా ఉంటుందో అది. ఓకు చెక్కలోని టానిన్ వల్ల వస్తుంది. వగరు, తీపి రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటే మంచి పీపా. వగరు ఒక్కటే మిగిలితే ఆ మాల్టును చెక్కలో అవసరానికి మించి ఉంచేశారని.

మీ మాటల్లోనే ఒక చీటీ మీద రాసిపెట్టుకోండి. వారం తర్వాత మళ్లీ 30 ఎంఎల్ పోసుకుని పోల్చి చూడండి. సీసాను నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ఆల్కహాలు బిరడాను తినేస్తుంది. ఎండ తగలని బీరువాలో పెట్టండి. సగానికి దిగాక నెలల తరబడి ఉంచకండి, లోపలి గాలి వాసనను పలచబరుస్తుంది.

షామీర్‌పేట దగ్గర మాకు ముప్పై ఏళ్ల కింద అనాబె షాహి ద్రాక్ష తోట ఉండేది. షెర్రీ అంటే ద్రాక్ష సారాయి అంటున్నారు. మా ద్రాక్షతో అది అయ్యేదా? విస్కీకి ఆ నల్ల రంగు నల్ల ద్రాక్ష నుంచి వస్తుందా?
- ఒక పెద్దాయన, షామీర్‌పేట

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మేడ్చల్ బస్సు కిటికీలోంచి రెండు పక్కలా కనబడే పచ్చటి పందిళ్లు నాకూ గుర్తే. అనాబె షాహి హైదరాబాద్‌కు 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చిన తీగ. ఇక్కడి నేలకు ఎంత నచ్చిందంటే, ఎకరానికి ఇక్కడ వచ్చిన దిగుబడి గురించి దేశమంతా చెప్పుకునేవారు. నీళ్లు అడుగంటాయి, కూలి పెరిగింది, భూమి గజాల లెక్కకు వచ్చింది. పందిళ్ల రాతి కడీలు కొన్నిచోట్ల ప్లాట్ల హద్దురాళ్లయ్యాయి.

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు. షెర్రీ నల్ల ద్రాక్షది కాదు. స్పెయిన్ దక్షిణాన హెరెజ్ అనే పట్నం చుట్టూ, సున్నపు తెల్లమట్టిలో పండే పలోమినో అనే తెల్ల ద్రాక్షే దానికి మూలం. రసాన్ని పులియబెట్టి, దానికి ద్రాక్ష నుంచి తీసిన సారా కొంత కలిపి గట్టిపరచి, పీపాల్లో పెడతారు. పీపాను నిండా నింపరు. కొన్ని పీపాల్లో పైన ఈస్టు పొర మీగడలా కట్టి గాలి తగలనివ్వదు, ఆ షెర్రీ లేత రంగులో, పలచగా ఉంటుంది. దాన్ని ఫీనో అంటారు. ఆల్కహాలు కాస్త ఎక్కువ కలిపితే ఆ పొర బతకదు. గాలి నేరుగా తగిలి రసం ఏళ్ల మీద ముదురుతుంది, కోసిన ఆపిల్ ముక్క ఎరుపెక్కినట్టు. అదే ఓలరోసో. విస్కీ వాళ్లకు కావలసింది ఎక్కువగా ఈ ఓలరోసో ఉన్న పీపా. మూడోది పెద్రో హిమెనెజ్. ఆ పేరున్న ద్రాక్షను కోసి, చాపల మీద ఎండలో ఆరబెట్టి, కిస్‌మిస్ అయ్యే దశలో పిండుతారు. మన మిరపకాయలు, వడియాలు ఎండబెట్టినట్టే. తేనెలా చిక్కగా, విపరీతమైన తీపితో ఉంటుంది.

ఇక మీ అనాబె షాహి. అది తినే ద్రాక్ష. పెద్ద గింజ, పలచని తీపి, నీటి శాతం ఎక్కువ. సారా పోసేవాడి కన్నా పళ్లెంలో పెట్టేవాడికే అందం. షెర్రీ కాకపోవడం దాని లోపం కాదు.

మీరు రైతు కాబట్టి పీపా సంగతి ఇంకొంచెం చెప్పాలని ఉంది. కొత్త కుండలో పట్టిన కల్లు, ఏడాదిగా వాడుతున్న లొట్టిలో పట్టిన కల్లు ఒకే రుచిలో ఉండవని మీ ఊరి గీత కార్మికులను అడిగితే చెబుతారు. కుండ గోడలు గుర్తుపెట్టుకుంటాయి. ఆవకాయ జాడీని ఎంత కడిగినా ఆవపిండి వాసన పోదు. షెర్రీ పీపా చేసే పనీ అదే. ఒకప్పుడు స్పెయిన్ నుంచి ఇంగ్లండుకు షెర్రీ పీపాల్లోనే ఓడలెక్కి వచ్చేది. ఖాళీ పీపాలను వెనక్కి పంపడం దండగ కాబట్టి స్కాట్లండ్ వాళ్లు చవగ్గా కొని విస్కీ పోసుకున్నారు. 1980ల్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నిబంధన వచ్చాక ఆ ఓడ పీపాలు ఆగిపోయాయి. అప్పటి నుంచి పద్ధతి తిరగబడింది. విస్కీ కంపెనీలే హెరెజ్‌లో కొత్త పీపాలు చేయించి, వాటిలో ఏడాదిన్నర, రెండేళ్లు షెర్రీ పోయించి, చెక్కకు పట్టించి తెప్పించుకుంటాయి. అంటే ఇవాళ ఆ షెర్రీ పీపా కోసమే పుడుతోంది. ఆ పీపా వెల బోర్బన్ పీపా వెలకు ఎన్నో రెట్లు. షెర్రీ మాల్టు తయారీ ఖర్చులో బార్లీ కన్నా ఆ చెక్కదే పెద్ద వాటా.

ముదురు రంగు ఉంటే ఎక్కువ ఏళ్లదని మా షాపాయన అంటాడు. నిజమేనా?
- సూరారం

కాదు. స్కాచ్‌లో రంగు కోసం కాల్చిన పంచదార పాకం కలపడానికి అక్కడి చట్టమే అనుమతిస్తుంది. లేబుల్ మీద ‘నేచురల్ కలర్’ అని ఉంటే కలపలేదని. అప్పుడు కూడా రంగు వయసును చెప్పదు, పీపాను చెబుతుంది. మొదటిసారి వాడిన షెర్రీ పీపాలో ఎనిమిదేళ్లకే వచ్చే రంగు, మూడోసారి వాడిన పీపాలో పాతికేళ్లకూ రాకపోవచ్చు.

46 శాతం ఉన్న మాల్టులో ఐసు వేస్తే మసకబారింది. నకిలీదని భయపడి పారబోశాను.
- చింతల్

అయ్యో, పారబోయాల్సింది కాదు. మంచి సరుకు లక్షణమే అది. మాల్టులో కొన్ని కొవ్వు పదార్థాలు కరిగి ఉంటాయి. చల్లబడినా నీళ్లు తగిలినా అవి మబ్బులా తేలతాయి, చలికాలంలో కొబ్బరినూనె పేరుకున్నట్టు. చాలా కంపెనీలు ముందే బాగా చల్లార్చి వాటిని వడకట్టేస్తాయి. 46 శాతం, ఆపైన ఉన్న వాటిలో చాలావాటిని అట్లా వడకట్టరు. నోటికి తగిలే ఆ నూనెదనం వాటిలోనే ఉంటుంది.

ఒక షెర్రీ మాల్టులో కాలిన అగ్గిపుల్ల వాసన వచ్చింది. చెడిపోయిందా?
- కొంపల్లి

దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన అయి ఉంటుంది. అది గంధకం. ఖాళీ పీపాలు పుచ్చకుండా లోపల గంధకం కాల్చే అలవాటు ఉండేది, ఆ జాడ విస్కీలోకి దిగుతుంది. కొందరి ముక్కు దాన్ని పట్టుకోదు, కొందరికి అదొక్కటే తెలుస్తుంది. ఇరవై నిమిషాలు గ్లాసులో వదిలి చూడండి, కొంత పోతుంది. పోకపోతే ఆ పీపా బాగాలేదనే నా తీర్పు. అదో ప్రత్యేకమైన రుచి అని సమర్థించే వాళ్లతో నేను ఏకీభవించను.

స్కాచ్‌కు 12, 15, 18 అని ఏళ్లు రాస్తారు. అమృత్ లాంటి మనవాటి మీద ఏళ్లెందుకు ఉండవు? అవి తక్కువవా?
- మేడ్చల్

తక్కువవి కానే కావు. స్కాట్లండ్ చలిలో పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరులో అది 10 నుంచి 12 శాతం. అక్కడ పదిహేనేళ్లు ఉంచితే పీపాలో మిగిలేది కొద్ది భాగమే. అయితే ఆ వేడే చెక్కను వేగంగా పిండుతుంది కాబట్టి నాలుగైదేళ్లకే పాకం వస్తుంది. లేబుల్ మీద ‘4 ఏళ్లు’ అని రాస్తే కొనేవాడు తక్కువగా చూస్తాడు, అందుకే రాయరు.

1948లో జగ్దాలే కుటుంబం పెట్టిన అమృత్ తన సింగిల్ మాల్టును మొదట మన దేశంలో కాదు, 2004 ఆగస్టులో గ్లాస్గోలో విడుదల చేసింది. స్కాచ్ పుట్టింట్లోకి వెళ్లి నిలబడింది. వాళ్ల ఫ్యూజన్‌ను విస్కీ విమర్శకుడు జిమ్ మరే 2010 ‘విస్కీ బైబిల్’లో ప్రపంచంలో మూడో స్థానంలో పెట్టాడు. షెర్రీ పీపా రుచి కావాలంటే వాళ్ల ‘ఇంటర్మీడియట్ షెర్రీ’ వెతకండి. బోర్బన్ పీపా, షెర్రీ పీపా, మళ్లీ బోర్బన్ పీపా, అట్లా మూడు మజిలీలు చేసింది. గోవా వాళ్ల పాల్ జాన్, హర్యానా వాళ్ల ఇంద్రి కూడా షెర్రీ పీపాలు వాడుతున్నాయి. మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యే చవక రకాల్లో చాలావరకు మొలాసిస్ స్పిరిటే ఉంటుంది. వాటిని తాగి ‘మనవాళ్ల మాల్టు ఇంతే’ అనుకోవడం అన్యాయం.

ఇక వెల సంగతికొస్తే, స్కాచ్ మీద దిగుమతి సుంకం ఏళ్ల తరబడి 150 శాతం. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందం ప్రకారం అది ముందు 75కు, పదేళ్లలో 40కి దిగాలి. సుంకం దిగినంత మాత్రాన షాపులో వెల అంతే దిగదు, దాని మీద రాష్ట్ర పన్నులు వేరే ఉన్నాయి.

కూకట్‌పల్లిలో ఒకాయన డ్యూటీ ఫ్రీ సీసాలు సగం ధరకు ఇంటికి తెచ్చిస్తున్నాడు. కొనవచ్చా?
- గాజులరామారం

కొనకండి. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్లు తెచ్చుకోవచ్చు, తన కోసం. దాన్ని అమ్మడం నేరం. పన్ను కట్టని మద్యం అని ఎక్సైజ్ వాళ్లు పట్టుకునేవాటిలో ఇదీ ఉంటుంది. అయితే నేరం కన్నా నాకు ఎక్కువ భయం లోపల ఏముందోనని. ఖాళీ సీసాలు పాత సామాన్ల వాళ్ల దగ్గర్నుంచి కొని, చవక విస్కీలో పాకం రంగు కలిపి నింపే ముఠాలు మన నగరం చుట్టూ ఎన్నోసార్లు దొరికాయి. షాపులో కొన్న సీసాకు మూత మీద రాష్ట్ర ఎక్సైజ్ హోలోగ్రామ్ ఉంటుంది, చూసి తీసుకోండి. మీ ఇంట్లో ఖాళీ అయిన మంచి సీసాను తూకానికి వేసే ముందు లేబుల్ చింపి, మూతను పాడుచేసి వేయండి.

ఇంత సూక్ష్మంగా రుచి చూడటం విస్కీకేనా? మన కల్లును అట్లా చూడొద్దా?
- ఒక యువకుడు, షాపూర్‌నగర్

తప్పకుండా చూడాలి. పొద్దున దింపిన ఈత కల్లు తీపి వేరు, ఎండెక్కాక పులుపు వేరు. తాటి కల్లు, ఈత కల్లు పక్కపక్కన పెట్టి తాగిన వాడికి నేను చెప్పేదేమీ లేదు. కానీ చెట్టు కింద, దింపిన మనిషి చేతి నుంచి అయితేనే. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్లు కాంపౌండ్లలో తాగి ఎందరో ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలు పోయాయి, ఆ కల్లులో అల్ప్రజోలం బయటపడింది. ఆ మత్తుమందును నాలుక పట్టుకోలేదు, నా నాలుకా పట్టుకోలేదు. రెండు గ్లాసులకే మగత కమ్మితే అది కల్లు కాదు. కాంపౌండు కల్లు రోజూ తాగే వాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ఎర్రగడ్డ మానసిక వైద్యశాల డాక్టర్లకు చూపించి మానిపించండి.

మా ఆయనకు షుగర్. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. ‘సింగిల్ మాల్ట్ గుండెకు మంచిది, చక్కెర ఉండదు’ అని రోజూ రాత్రి రెండు పెగ్గులు తీసుకుంటున్నారు. మీ శీర్షిక చూపించి నా నోరు మూయిస్తున్నారు. నిజం చెప్పండి.
- ఒక గృహిణి, గాజులరామారం

అమ్మా, నా పేరు చెప్పి మీ నోరు మూయించడం నాకు బాధగా ఉంది. ఈ జవాబు ఆయనకే చదివి వినిపించండి.

మాల్టు గుండెకు మంచిదని నేను ఎప్పుడూ రాయలేదు. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ మద్యానికి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మద్యం క్యాన్సర్ కారకం. పదిహేనేళ్లు ఊరినా, షెర్రీ పీపాలో ఉన్నా, లోపలి ఆల్కహాలు అదే. 46 శాతం మాల్టు 60 ఎంఎల్ అంటే దాదాపు 22 గ్రాముల ఆల్కహాలు. రోజూ రెండు పెగ్గులంటే అది రుచి చూడటం కాదు, అలవాటు.

ఆయన విషయంలో మరో ప్రమాదం ఉంది. విస్కీలో చక్కెర లేదన్న మాట నిజమే, ముప్పు అక్కడ లేదు. గ్లిమిపిరైడ్ చక్కెరను దించుతుంది. అదే సమయంలో కాలేయం ఆల్కహాలును కరిగించే పనిలో పడి రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది. రెండూ కలిసి అర్ధరాత్రి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, అన్నం తినకుండా తాగిన రోజు మరీను. చెమటలు, వణుకు, మాట తడబడటం, పిలిస్తే పలకకపోవడం, ఇవన్నీ చూసి ఇంట్లో వాళ్లు ‘ఎక్కువైంది, పడుకోనీ’ అనుకుంటారు. అట్లా వదిలేయకండి. వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. స్పృహ ఉంటే గ్లూకోజ్ నీళ్లో పంచదార నీళ్లో తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఏళ్ల తరబడి రోజూ తాగుతుంటే తనంతట తాను హఠాత్తుగా ఆపడం కూడా మంచిది కాదు, డాక్టరుతో చెప్పే మాన్పించాలి. ఈ వారంలోనే ఆయన్ను షుగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, రాత్రి ఎంత తాగుతున్నారో ఎంఎల్ లెక్కతో సహా మీరే చెప్పండి.